‘తప్పిపోయిన కుమార్తె’ నుంచి ‘నేనే బలాన్ని’ వరకు: దళితస్త్రీ కథనాల్లో ఆత్మవిశ్వాస స్వరూపం

వ్యాససంగ్రహం:

ఉన్నతవిద్యలోకి, ఉద్యోగంలోకి అడుగుపెట్టే దళిత యువతికి కావలసింది ఆత్మవిశ్వాసమని అందరూ చెబుతారు. ఆ ఆత్మవిశ్వాసం ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్నకు వ్యక్తిత్వ వికాస సాహిత్యం ఒక సమాధానమిస్తుంది, దళితస్త్రీ సాహిత్యం మరొక సమాధానమిస్తుంది. ఎం.ఎం. వినోదిని కథ ‘తప్పిపోయిన కుమార్తె ఉపమానం’, జోగిని ఆచారం ఇతివృత్తంగా గోగు శ్యామల రాసిన కథ, ఆమే రాసిన టి.ఎన్. సదాలక్ష్మి బతుకు కథ ‘నేనే బలాన్ని’ అనే మూడు రచనల ఆధారంగా ఈ రెండో సమాధానాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ రచనల్లో ఆత్మవిశ్వాసం మనసుకు ఇచ్చే శిక్షణ వల్ల కలిగేది కాదు. తనకు ముందు నిలబడినవారిని గుర్తించడం ద్వారా సంక్రమించే వారసత్వం అది.

కీలకపదాలు: దళితస్త్రీ సాహిత్యం, ఆత్మవిశ్వాసం, ఉన్నతవిద్య, ఉపమానం, జోగిని, బతుకు కథ.

1. ఉపోద్ఘాతం:

హైదరాబాదులో మెట్టుగూడ నుంచి తార్నాక మీదుగా ఉస్మానియా ప్రాంగణం వరకు సాగే దారికి తెలుగు స్త్రీవాద, దళిత అధ్యయనాల చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం, దాని పక్కనే ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) ఈ దారిలోనే ఉన్నాయి. 1985లో మొదలైన ‘అన్వేషి’ మహిళా అధ్యయన కేంద్రం చాలాకాలం ఉస్మానియా ప్రాంగణంలోనే పనిచేసింది. భారతీయ భాషల్లో స్త్రీల రచనలను రెండు సంపుటాల్లో ఆంగ్లపాఠకులకు అందించిన సూసీ తారు, కె. లలితల కృషి ఈ పరిసరాలతో ముడిపడినదే. దళితస్త్రీల సాహిత్యాన్ని 1921 నుంచి 2002 వరకు ఒకచోట కూర్చిన ‘నల్లపొద్దు’ (2003) సంపాదకురాలు గోగు శ్యామల కూడా అన్వేషిలో పరిశోధకురాలిగా పనిచేశారు.

2017 నవంబరులో మెట్రో రైలు వచ్చాక మెట్టుగూడ, తార్నాకలు నగరంలోని కార్యాలయాలకు మరింత దగ్గరయ్యాయి. జిల్లాల నుంచి చదువుకోసం వచ్చి, హాస్టళ్ళలో ఉంటూ, ఉద్యోగాలకు సిద్ధమయ్యే యువతులకు ఇది నిత్యం నడిచే దారి. తెలంగాణలో 2016లో సాంఘిక సంక్షేమ మహిళా గురుకుల డిగ్రీ కళాశాలలు మొదలైన తరువాత, కుటుంబంలో తొలిసారి పట్టా అందుకున్న యువతులు పరిశోధన వరకు, ఉద్యోగం వరకు వస్తున్నారు. వీరికి తరగతిగదిలో బోధించే ‘ఆత్మవిశ్వాసం’ ఏ అనుభవం మీద నిర్మితమైందన్నది సాహిత్య విమర్శకు కూడా సంబంధించిన ప్రశ్నే.

2. లోపం ఎక్కడ ఉంది?:

యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి అయిదు మెట్లు’ వంటి పుస్తకాలతో తెలుగులో వ్యక్తిత్వ వికాస రచనకు విస్తృతమైన పాఠకవర్గం ఏర్పడింది. ఈ ప్రక్రియకు ఆధారమైన భావన ఒకటే: అడ్డంకి ప్రధానంగా మనిషి మనసులో ఉంది కనుక మనసును సరిదిద్దుకుంటే దారి తెరుచుకుంటుంది. ఉద్యోగినుల విషయంలో ఈ భావనకు శాస్త్రీయ రూపమిచ్చింది ‘ఇంపోస్టర్ ఫినామినన్’ అనే పరికల్పన. అమెరికన్ మనస్తత్వవేత్తలు పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ 1978లో దీన్ని ప్రతిపాదించారు. ఎంత సాధించినా తాము అర్హులం కామని, ఏదో ఒకనాడు ఆ సంగతి బయటపడుతుందని భయపడే విజయవంతులైన స్త్రీలను వారు అధ్యయనం చేశారు. ఆ అధ్యయనంలోని స్త్రీలలో అత్యధికులు మధ్య, ఉన్నత మధ్యతరగతి శ్వేతజాతీయులు.

అర్హత ఉండీ తనను తాను అనుమానించుకోవడం ఒక స్థితి. అర్హతను ఎదుటివారు నిత్యం అనుమానిస్తూ ఉండటం మరొక స్థితి. మొదటిది అపోహ కావచ్చు. రెండోది పరిసరాలను సరిగ్గా చదవడం. ‘రిజర్వేషన్‌లో వచ్చింది’ అన్న మాట చెవినపడిన విద్యార్థిని తనను ఇతరులు ఎలా చూస్తున్నారని పడే ఆందోళన భ్రమ కాదు. నల్లజాతి స్త్రీల అనుభవం జాతి, లింగం అనే రెండు చట్రాల్లో దేనిలోనూ విడిగా ఇమడదని చూపుతూ కింబర్లీ క్రెన్‌షా 1989లో ‘ఇంటర్‌సెక్షనాలిటీ’ భావనను ప్రతిపాదించారు. తెలుగు దళిత రచయిత్రులు ఈ పరిభాషతో నిమిత్తం లేకుండానే, అటు స్త్రీవాదంలో కులం గురించి, ఇటు దళితవాదంలో లింగం గురించి మౌనాన్ని ప్రశ్నించారు. కనుక వారి కథల్లో ఆత్మవిశ్వాసలేమిని పాత్ర లోపంగా చదవడం పొరపాటవుతుంది.

3. దూరదేశం ఏది? – వినోదిని కథ:

‘తప్పిపోయిన కుమార్తె ఉపమానం’ కథానాయిక సువార్తావాణి విశ్వవిద్యాలయంలో చదివే దళిత క్రైస్తవ యువతి. బ్రాహ్మణ మిత్రురాలు గాయత్రి మాటతీరు, కట్టుబొట్టు, ఇంటి వాతావరణం ఆమెకు సంస్కారానికి కొలమానాలుగా కనిపిస్తాయి. ఆ కొలతతో చూసుకున్నప్పుడు తన ఇల్లు, తన తిండి, తన తల్లిదండ్రులు చిన్నవైపోతారు. ఆ ఆకర్షణ వెనుక ఉన్న కులం కంటబడిన తరువాత ఆమె తన ఇంటివైపు తిరుగుతుంది.

కథకు ఆధారం లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుని ఉపమానం. కుమారుని స్థానంలో కుమార్తెను నిలపగానే ఉపమానంలోని ప్రతి అంశం అర్థం మార్చుకుంటుంది. బైబిలు కుమారుడు తండ్రిని ఆస్తిలో తన పాలు అడిగి తీసుకొని దూరదేశం వెళతాడు. దళిత కుమార్తెకు అడిగి తీసుకోవడానికి ఆస్తి లేదు. ఆమె దుబారా చేసేది తన భాషను, తన రుచిని, తనవారిపట్ల గౌరవాన్ని. కుమారుని ప్రయాణం పతనం. అతడు పందులు మేపే స్థితికి దిగజారతాడు. కుమార్తె ప్రయాణాన్ని లోకం ‘ఎదుగుదల’ అంటుంది. చదువు, మర్యాద, మంచి పరిచయాలు అన్నీ ఆమెకు సమకూరుతున్నట్టే కనిపిస్తుంది. ఎదుగుదల అని పేరుపడిన దాన్నే తప్పిపోవడంగా చూపడం ఈ కథ సాధించిన ప్రధాన విజయం.

లూకా ఉపమానంలో తిరిగివచ్చిన కుమారునికి తండ్రి వస్త్రం, ఉంగరం, చెప్పులు ఇచ్చి కొవ్విన దూడతో విందు చేస్తాడు. అగ్రకులాల వీధుల్లో చెప్పులతో నడవడానికి దళితులకు అనుమతి లేని తెలుగు గ్రామాల నేపథ్యంలో ఆ చెప్పులకు అదనపు అర్థం వస్తుంది. ఆ విందు మరింత కీలకం. ఏ మాంసాహారాన్ని అపవిత్రమని సువార్తావాణి సిగ్గుపడిందో, వాక్యంలో పునరాగమన సంబరానికి గుర్తుగా నిలిచింది అదే. ఆమె పేరులో కూడా ఈ ద్వంద్వం ఉంది. ‘సువార్త’ క్రైస్తవ వాడను గుర్తుచేస్తుంది. ‘వాణి’ సంస్కృత సరస్వతిని స్మరింపజేస్తుంది. పేరులోని రెండో సగంగా మాత్రమే బతకాలన్న ఒత్తిడే కథలోని సంఘర్షణ.

ఈ కథకు ఒక పరిమితి కూడా ఉంది. ఉపమాన రూపం ఇంటిని క్షమించే తండ్రి ఇల్లుగా నిలబెడుతుంది. చదువుకున్న కుమార్తెపై సొంత ఇల్లు, వాడ, సంఘం పెట్టే ఆంక్షలకు అందులో చోటు తక్కువ. తిరిగివచ్చిన సువార్తావాణి రేపు ఏ ఉద్యోగంలో, ఏ సహోద్యోగుల మధ్య నిలబడుతుందన్నది ఉపమానపు చట్రానికి అందని ప్రశ్న. అనుకరణ ఆత్మవిశ్వాసాన్ని ఇవ్వదని కథ నిరూపిస్తుంది. మరేది ఇస్తుందన్న ప్రశ్నకు మిగతా రెండు రచనల్లో సమాధానం వెతకవలసి ఉంది.

4. మూల్యం ఎవరు చెల్లించారు? – శ్యామల కథ:

‘ఏనుగంత తండ్రి కన్నా ఏకులబుట్టంత తల్లి నయం’ అనే సామెతను పుస్తకనామంగా ఎంచుకోవడంలోనే శ్యామల దృష్టి తెలుస్తుంది. ఏనుగుకు పరిమాణం ఉంది, ఏకులబుట్టకు ఉపయోగం ఉంది. ఈ రచయిత్రి ఇంటిని ఆదర్శీకరించదు. తండ్రి హింసను, తల్లి మోసే భారాన్ని కూడా చెబుతుంది. అటువంటి రచయిత్రే ఒక తండ్రి త్యాగాన్ని కేంద్రంగా తీసుకొని రాసిన కథ, ఆంగ్లానువాద సంపుటంలో (2012) ‘రా వూండ్’ పేరుతో వచ్చినది.

ఊరి పెత్తందార్లు ఒక మాదిగ బాలికను జోగినిగా మార్చాలని నిర్ణయిస్తారు. తండ్రి ఆమెను ఊరు దాటించి పట్నం హాస్టలులో చేరుస్తాడు. ఆ ధిక్కారానికి కుటుంబం దెబ్బలతో, జీవనాధారంతో మూల్యం చెల్లిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దేవదాసీ, జోగిని అంకితాలను నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. చట్టం చేరలేని చోట బాలికకు రక్ష హాస్టలు గది అయిందన్నది కథలోని వాస్తవం.

సాధారణంగా హాస్టలును పేదరికానికి ప్రతీకగా, దాటిరావలసిన దశగా చిత్రిస్తారు. శ్యామల కథలో అది స్త్రీ శరీరంపై ఊరి అధికారాన్ని తెంచిన స్థలం. ఆ బాలిక రేపు ఉద్యోగినిగా కుర్చీలో కూర్చుంటే, ఆ కుర్చీ ఆమె ఒక్కతె ప్రతిభకు దక్కినది కాదు, ఆమె కోసం భూమినీ ఊరినీ కోల్పోయినవారి పెట్టుబడి. ఇక్కడ ‘ప్రతిభ’ అనే మాట తన వ్యక్తిగత అర్థాన్ని కోల్పోతుంది. ‘నేను అర్హురాలినేనా?’ అన్న ప్రశ్న స్థానంలో ‘నా వెనుక ఎవరెవరు ఉన్నారు?’ అన్న ప్రశ్న వస్తుంది. మొదటి ప్రశ్న మనిషిని ఒంటరిని చేస్తుంది. రెండోది ఆమెను ఒక వంశక్రమంలో నిలబెడుతుంది. ఈ రుణభావం మోయలేని బరువుగా మారే ప్రమాదం కూడా ఉంది. అందుకే కథ గాయాన్ని మానిన మచ్చగా చూపదు. అది పచ్చిగానే ఉంటుంది.

5. ‘బలాన్ని’ అనే మాట – సదాలక్ష్మి బతుకు కథ:

సికింద్రాబాదు ప్రాంతంలో పుట్టి పెరిగిన టి.ఎన్. సదాలక్ష్మి (1928–2004) ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉపసభాపతిగా, దేవాదాయశాఖ మంత్రిగా పనిచేశారు. గుడి గడప తొక్కనివ్వని కులంలో పుట్టిన స్త్రీ గుళ్ళ పాలనావ్యవహారాలు చూసే శాఖకు అధిపతి కావడం ఆమె జీవితంలోని అర్థవంతమైన వైరుధ్యం. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలోనూ, తరువాత మాదిగ దండోరా ఉద్యమంలోనూ ఆమె పాత్ర ఉంది. ఆమె చెప్పిన విషయాల ఆధారంగా శ్యామల రాసిన ‘నేనే బలాన్ని’ని హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 2011లో ప్రచురించింది.

శీర్షికలోని వ్యాకరణం గమనించదగింది. ‘నాకు బలం ఉంది’ అంటే బలం ఒక సొత్తు, పోవచ్చు కూడా. ‘నేను బలవంతురాలిని’ అంటే అది ఒక గుణం, ఇతరులతో పోల్చి కొలవవచ్చు. ‘నేనే బలాన్ని’ అన్నప్పుడు నేను, బలం వేరుకావు. పైగా తెలుగులో ‘బలాన్ని’ అనే రూపం ద్వితీయా విభక్తిలోనూ ఉంటుంది, ఉత్తమపురుష ఆఖ్యాతంగానూ వస్తుంది. ఒక అర్థంలో ఎవరో ప్రయోగించే బలం, మరో అర్థంలో తానే అయిన బలం. ఇతరుల బలప్రయోగానికి కర్మగా ఉండవలసిన స్త్రీ, అదే రూపంతో కర్తగా మాట్లాడుతుంది. ‘ఆత్మవిశ్వాసం’ అనే సమాసంలో నమ్మేవారు, నమ్మబడే ఆత్మ అనే ఎడం ఉంది. ఈ శీర్షికలో ఆ ఎడం లేదు.

ఆ ‘నేను’ ఒక్కరిది కాదన్నది మరొక విశేషం. చెప్పినది సదాలక్ష్మి, రాసినది శ్యామల. ఒక తరం మంత్రిపదవి అనుభవం మరో తరం పరిశోధకురాలి చేతిలో ‘బతుకు కథ’ అయింది. జీవితచరిత్ర అనకుండా బతుకు కథ అనడంలో కూడా మౌఖిక సంప్రదాయపు చనువు ఉంది. హాస్టలు బాలికకు తండ్రి త్యాగం ఎటువంటిదో, చదువుకున్న యువతికి ఈ పుస్తకం అటువంటిది. తనకంటే ముందు ఒకరు ఆ గదిలోకి వెళ్ళి, అధ్యక్షస్థానంలో కూర్చున్నారన్న సాక్ష్యం.

6. కడలి దాటినా కులం:

అమెరికా విద్యా, ఉద్యోగరంగాల్లో ‘శ్వేతేతర స్త్రీలు’ అనే గుర్తింపు తెలుగు స్త్రీలందరినీ ఒకే గాటన కడుతుంది. వారి మధ్యనున్న కులభేదం ఆ గుర్తింపులో కనబడదు. సుజాత గిడ్ల ‘యాంట్స్ అమంగ్ ఎలిఫెంట్స్’ (2017) ఆ తెరను తొలగించిన రచన. శివసాగర్‌గా ప్రసిద్ధుడైన మేనమామ కె.జి. సత్యమూర్తితో పాటు, కళాశాల అధ్యాపకురాలైన తల్లి మంజుల జీవితం కూడా అందులో ప్రధానమే. న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరుగా పనిచేస్తూ రచయిత్రి తన నేపథ్యాన్ని తల్లి కథ ద్వారా చెప్పుకోవడం పై రెండు రచనల పద్ధతితో సరిపోలుతుంది. సియాటిల్ నగరం 2023లో కులవివక్షను నిషేధించడం ఈ ప్రశ్న అక్కడి కార్యాలయాల్లోనూ సజీవంగా ఉందని తెలుపుతుంది.

7. ముగింపు:

రాజకీయ చైతన్యంతో వెలువడిన రచనల్లో ఆత్మవిశ్వాసాన్ని వెతకడం వాటిని వ్యక్తిత్వ వికాస పాఠాలుగా కుదించడమేనన్న అభ్యంతరం రావచ్చు. కానీ ఈ రచనలు ఆ మాట అర్థాన్నే మారుస్తున్నాయి. వినోదిని కథ అరువు తెచ్చుకున్న విశ్వాసాన్ని తిరస్కరించింది. శ్యామల కథ విశ్వాసం వెనుక ఉన్న మూల్యాన్ని చూపింది. ‘నేనే బలాన్ని’ దాన్ని తరం నుంచి తరానికి అందే సాక్ష్యంగా నిలబెట్టింది.

కార్యాలయంలోని దైనందిన అనుభవం ఈ మూడింటి పరిధిలోకి పూర్తిగా రాలేదు. సచివాలయ ఉద్యోగినిగా పనిచేసిన జూపాక సుభద్ర రచనలను, ‘రాయక్క మాన్యం’ (2014) కథలతో సహా, ఈ కోణంలో పరిశీలించడానికి అవకాశం ఉంది.

బోధనకు సంబంధించిన ఫలితం ఒకటుంది. గురుకులం నుంచి వచ్చిన విద్యార్థిని తరగతిలో నోరు విప్పకపోతే ఆమెకు ఉపన్యాస కళలో శిక్షణ ఇవ్వడం సులభం. ఆమె చదివే పాఠ్యప్రణాళికలో ఆమె ముందుతరం గొంతు ఉందా అని అడగడం కష్టం. సదాలక్ష్మి పేరు వినకుండానే సికింద్రాబాదు పక్కన ఎం.ఏ. పూర్తిచేసి వెళ్ళే విద్యార్థిని విషయంలో లోపం ఆమెది కాదు, పాఠ్యప్రణాళికది.