పల్లెలో పరదేశి సేవకుడు: ఒక గ్రంథవిమర్శనము

పరోపకారమునుగూర్చిన గ్రంథములకు లోకమున కొదువ లేదు. వానిలో పెక్కింటియందు ఉపకారము చేయువాడు నిలుచుండియు, పొందువాడు చేతులు జోడించుకొనియు గానవత్తురు. బావి త్రవ్వబడును, బడి కట్టబడును, గ్రామస్థులు కన్నీళ్లతో సాగనంపుదురు, గ్రంథము ముగియును. మరుసటి వేసవికి ఆ బావిలో నీరున్నదా, ఆ బడిలో పిల్లలున్నారా యని యడుగుటకు చదువరికి సందు దొరకదు. ఇట్టివానిని చదివి విసిగియున్న మాకు, మోరిట్జ్ థామ్సెన్ అను అమెరికా దేశీయుడు రచించిన ‘లివింగ్ పూర్’ అను గ్రంథము వేరొక త్రోవ చూపినది. దీనిని 1969లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారు ప్రకటించిరి. అర్ధశతాబ్దము గడచినను దీని ప్రయోజనము తీరలేదని తలచి, ఆలస్యముగానైనను మా చదువరుల యెదుట నుంచుచున్నాము.

గ్రంథమునకు ముందు దాని పుట్టుకను చెప్పవలెను. 1961 మార్చి 1వ తేదీన అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ ‘పీస్ కోర్’ అను సంస్థను నెలకొల్పెను. ఇందు చేరిన స్వచ్ఛంద సేవకులు కొన్ని నెలల శిక్షణ పొంది, రెండేండ్లపాటు పరదేశమున పనిచేయుదురు. వారికి జీతము లేదు. అచ్చటి జనులవలె బ్రతుకుటకు చాలినంత భత్యము మాత్రమే యుండును. నేటివరకు 2,40,000 మందికి పైగా ఈ సేవ చేసిరి. మన దేశమునకును వారు 1961లోనే వచ్చి 1976 వరకు నుండిరి. మన పల్లెలలో వారు చేపట్టిన పనులలో కోళ్లపెంపకము ముఖ్యమైనది. కావున ఈ గ్రంథవిషయము మనకు కేవలము దూరదేశపు వింత గాదు.

థామ్సెన్ కలవారి యింట బుట్టినవాడు. రెండవ ప్రపంచయుద్ధమున విమానములనుండి బాంబులు విడుచు సైనికుడు. పిమ్మట కాలిఫోర్నియాలో పందులను పెంచుచు సేద్యము చేసి నష్టపోయెను. కుఱ్ఱకారు చేరు ఆ సంస్థలో నితడు 48 యేండ్ల ప్రాయమున జేరి, దక్షిణ అమెరికాలోని ఎక్వడార్ దేశమునకు బోయెను. పసిఫిక్ సముద్రతీరమున, ఎస్మెరాల్డాస్ రాష్ట్రమందలి రియోవెర్దె యను పల్లె యితని కార్యస్థానము. అచ్చటివారిలో పెక్కుమంది ఆఫ్రికా సంతతివారు. సముద్రమున చేపలు పట్టియు, తీరమున కొద్దిపాటి సేద్యము చేసియు బ్రతుకువారు. తాను సేద్యములో చెడినవాడగుటచే గాబోలు, చెడిన సేద్యగానిని జూచి యితడు నవ్వడు. గ్రంథమునకు ఇదియే మొదటి గుణము.

ఇందు గొప్ప సంఘటనలు లేవు. కోళ్లగూడు, మొక్కజొన్న విత్తనము, పందిపిల్లలు, సహకార సంఘపు కూటములు, ఆ కూటములలోని అలుకలు, అప్పులు, జబ్బులు, పసిబిడ్డల చావులు—దినదినము పల్లెలో జరుగునవే గ్రంథమంతయు నిండియున్నవి. పై యధికారులకు పంపు నివేదికలో ఇన్ని కోళ్లు, ఇన్ని యెకరములు, ఇందరు సభ్యులని వ్రాయవచ్చును. ఒక కూటమునకు రావలసినవాడు రాకపోవుటకు గల కారణమును వ్రాయుటకు నివేదికలో గడి యుండదు. ఆ గడిలో పట్టని సంగతులను జెప్పుటకే యీ గ్రంథము పుట్టినదని మేము తలంతుము.

పల్లెవారు సోమరులనియు, మూఢులనియు, మేలు చెప్పిన వినరనియు లోకమున నొక వాడుక గలదు. థామ్సెన్ ఆ మాటను పట్టుకొని కడుపువైపునకు ద్రిప్పెను. అరటికాయయు, అన్నమును, దొరికిననాడు చేపయు దిని, కడుపులో పురుగులతోడను, మలేరియాతోడను పెనగులాడువాడు మధ్యాహ్నమున నీడను గూర్చున్నచో, అది సోమరితనము కాదు. ఉన్న శక్తిని పొదుపు చేసికొనుట. ఇక క్రొత్తదానిని నిరాకరించుటయో? మేలుజాతి కోడి యెక్కువ గ్రుడ్లు పెట్టును, నిజమే. కాని దానికి గూడు కావలెను, కొని తెచ్చిన దాణా కావలెను, టీకా కావలెను. నాటుకోడి పెంటకుప్పపై నేరుకొని తిని, గ్రుడ్డు పెట్టిన పెట్టును, లేకున్న లేదు. దానిచేత నెవ్వడును అప్పులపాలు కాడు. తెగులు వచ్చి మేలుజాతి కోళ్లు ఒక్క రాత్రిలో చచ్చెనేని, కలవానికి అది యొక నష్టము; లేనివానికి అది యొక యేటి తిండి. అట్టివాడు ‘ఆలోచించి చెప్పెదను’ అని తప్పించుకొనినచో అందు అజ్ఞానము లేదు, లెక్క గలదు. ఆ లెక్కను సేవకుడు నేర్చుకొనుటయే ఈ గ్రంథకథ యని చెప్పవచ్చును.

విజయము గూడ నిందు చిక్కులు లేకుండ రాదు. ఒకడు సేవకుని మాట విని బాగుపడినచో వాడు తన యిరుగుపొరుగుల నుండి వేరుపడును. ఉన్ననాడు పంచుకొని లేనినాడు అడుగుకొనుట పేదపల్లెకు బ్యాంకువంటిది. అమ్ముటకై గ్రుడ్లను దాచుకొనువాడు ఆ బ్యాంకునుండి తన పేరు కొట్టివేసికొనుచున్నాడు. పొరుగువారి యసూయ యని మనము తేలికగా ననుదానియందు ఇంత ధర్మసూక్ష్మము దాగియున్నది. ఒక కుటుంబమును పైకి దెచ్చుట యన నేమేమి తెంచుట యగునో, ఆ సంగతిని ఇంత సూటిగా జూపిన గ్రంథములను మేము తక్కువగా జదివితిమి.

ఇక దోషములు. మొదటిది: గ్రంథకర్త కోరి తెచ్చుకొనిన దారిద్ర్యము దారిద్ర్యము గాదు. జబ్బుచేసిన సేవకునికి సంస్థవారి వైద్యుడు గలడు. ఆ దినములలో నెలకు 75 డాలర్ల చొప్పున, స్వదేశమునకు మరలిన పిమ్మట నిచ్చుటకై, అతని పేర నిలువ చేయబడుచుండెను. థామ్సెన్ ఈ వ్యత్యాసము నెఱుగనివాడు గాడు. కాని విసుగు పుట్టినచోట దానిని మఱచి, కొందఱి తప్పును పల్లె యంతటికి నంటగట్టును. రెండవది: సహకార సంఘపు తగవులకు దొరకిన పుటలు, నీరు మోయుచు, పొయ్యి యూదుచు, బిడ్డల నెత్తుకొని తెల్లవారునుండి ప్రొద్దుగ్రుంకువరకు తిరుగు స్త్రీల దినచర్యకు దొరకలేదు. మా చదువరులలోని గృహిణులు ఈ లోటును వెంటనే పసిగట్టుదురు. మూడవది గ్రంథకర్తది మాత్రమే గాదు. ఈ జాతి గ్రంథము లన్నిటిది. వచ్చినవాడు వ్రాసెను, ఉన్నవారు వ్రాయలేదు. అతనిని రియోవెర్దె యేమనుకొనెనో రియోవెర్దె నోట మనము వినజాలము.

ఈ దోషములను లెక్కించు నధికారము మాకెంతవరకు గలదో చెప్పుకొనుట న్యాయము. కొన్నేండ్ల క్రిందట మేము కొందఱము ఆరోగ్యసూత్రములను బోధించుటకై యొక పల్లెకు బోయితిమి. నీటిని మరుగకాచి త్రాగవలెనని గంటసేపు ఉపన్యసించితిమి. వెనుక వరుసనుండి యొక ముసలమ్మ లేచి, ‘కాచుకు తాగమన్నారు, బాగానే ఉందమ్మా. మరి ఆ కట్టెలు ఎవరు తెస్తారు?’ అని యడిగెను. ఆమెకు మేమేమియు జెప్పలేకపోతిమి. సాయంకాలమునకు కారెక్కి యిల్లు చేరితిమి. మఱునాడు వ్రాసిన నివేదికలో సభకు వచ్చినవారి సంఖ్య గలదు. ఆ ముసలమ్మ ప్రశ్న లేదు. థామ్సెన్ అట్టి ప్రశ్నలనే యేరి గ్రంథము చేసెను. తాను జవాబు చెప్పలేనివానిని గూడ దాచలేదు.

సేవాకాలము తీరిన పిమ్మటను అతడు ఎక్వడార్‌ను మఱవలేకపోయెను. మరల బోయి, పల్లెవాడగు మిత్రునితో గలిసి నదీతీరమున సేద్యము చేసెను. ఆ కథను 1978లో వేరొక గ్రంథముగా వ్రాసెను. తుదకు 1991లో ఆ దేశముననే మరణించెను. దీనిచేత నతని గ్రంథదోషములు గుణములు గావు. కాని ఉపన్యసించి మరలిపోయినవాని మాటకును, ఉండిపోయినవాని మాటకును బరువులో భేదము గలదని చదువరులు గ్రహింతురు.

సంస్కరణాభిలాషులగు మా చదువరులు తమ బిడ్డలను సెలవులలో పల్లెలకు సేవార్థము పంపుచుందురు. పంపుట మంచిదే. పంపుటకు ముందు ఈ గ్రంథమును వారిచేత జదివింపుడు. తిరిగివచ్చిన నాడు, అక్కడ నీవేమి చేసితివని మాత్రమే గాక, అక్కడివారు నిన్నేమి యడిగిరి, నీవేమి చెప్పలేకపోతివి యని గూడ నడుగుడు. ఇంకొక కోరిక గూడ మాకు గలదు. పట్నమునుండియు, పరదేశమునుండియు తమ పల్లెకు వచ్చిన సేవకులను చిన్ననాట జూచినవారు మనలో నింకను పెక్కుమంది యున్నారు. వారు ఆ సేవకులనుగూర్చి తాము తలచినదానిని, మెచ్చుకొనినదానిని, నవ్వుకొనినదానిని దాచక వ్రాయుదురేని, థామ్సెన్ గ్రంథమున సగముగా నిలిచిపోయిన సంభాషణకు రెండవ సగము మన భాషలో దొరకును. అట్టి వ్యాసములకు మా పత్రికలో చోటు గలదు.