కారు వెనుక విద్యుత్ సైకిలు: తూకము చాలదు, పట్టు చూడవలెను

నెదర్లాండ్సు, జర్మనీ దేశాల రహదారులపై సెలవు దినాలలో ఒక దృశ్యము తరచుగా కనిపిస్తుంది. ముందు కారు, దాని వెనుక ఒక ర్యాకు, ర్యాకుపై అడ్డముగా నిలిపిన రెండు సైకిళ్ళు. ఇప్పుడు వాటిలో విద్యుత్ సైకిళ్ళు కూడ చాలా ఉంటున్నవి. వానలు తరచుగా కురిసే ఆ దేశాలలో నిత్యము వాడుకొనే సైకిలుకు మడ్‌గార్డులు తప్పనిసరి. మన ప్రాంతములో ఇట్టి ర్యాకులు అరుదే. అయినను, “బల భ్రామకము ఎందుకు పనికివస్తుంది మాష్టారూ?” అని తరగతిలో ఎవరైనా అడిగితే, చూపించుటకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకుట కష్టము. అందుచేత ఈ ర్యాకును ఒక యంత్రముగా ఎంచి, దాని మంచి చెడ్డలను విచారింతము.

మొదటి విమర్శ సంఖ్యను గురించి. ర్యాకు కొనబోయే వానికి ముందుగా కనిపించేది “ఇన్ని కిలోలు మోయును” అను మాట. మామూలు సైకిలు 12 నుండి 15 కిలోలు తూగితే, విద్యుత్ సైకిలు మోటారు, బ్యాటరీలతో కలిసి 20 నుండి 30 కిలోల వరకు తూగుతుంది. కాబట్టి తూకము చూడవలసినదే. కాని అది సగము సంగతి మాత్రమే. ఏతము తొక్కే మనిషిని చూడండి. అతని బరువు మారదు. ఇరుసు దగ్గర నిలబడితే బాన కదలదు. దూలముపై చివరకు నడిస్తే నీళ్ళతో నిండిన బాన పైకి లేస్తుంది. మారినది దూరము మాత్రమే. బరువును దూరముతో గుణించగా వచ్చేదే భ్రామకము.

ఈ లెక్కను కారుకు వర్తింపజేద్దాము. ట్రైలరును తగిలించుటకు కారు వెనుక గుండువంటి ఉక్కు తల ఉంటుంది. ర్యాకును దానిపైనే బిగిస్తారు. ఆ గుండు 75 కిలోల బరువు వరకు మోయగలదని కారుపై వ్రాసి ఉన్నదనుకొనండి. ర్యాకు 18 కిలోలు, సైకిళ్ళు ఒక్కొక్కటి 25 కిలోలు, మొత్తము 68. హద్దు దాటలేదు కదా అని యజమాని సంతోషిస్తాడు. కాని ఆ బరువు సరిగా గుండుపైన లేదు. దాని గురుత్వ కేంద్రము గుండుకు సుమారు 35 సెం.మీ. వెనుక ఉన్నదనుకొందాము. గుండు కారు వెనుక ఇరుసుకు 1 మీటరు దూరమున, ముందు ఇరుసు వెనుక ఇరుసుకు 2.6 మీటర్ల దూరమున ఉన్నవనుకొందాము. వెనుక ఇరుసును ఆధారముగా తీసికొని లెక్క కడితే, 68 ని 1.35 తో గుణించి 2.6 తో భాగించగా సుమారు 35 వస్తుంది. అనగా ముందు చక్రాలపై 35 కిలోల భారము తగ్గినది. అది ఎక్కడికి పోయినది? వెనుక ఇరుసుపైకి. అక్కడ పెరిగినది 68 కాదు, 103 కిలోలు! కారును త్రిప్పేవి ముందు చక్రాలే కనుక వాటిపై భారము తగ్గుట ఉపేక్షింపదగిన విషయము కాదు.

బరువైన సైకిలును కారుకు దగ్గరగా ఉంచవలెనను నియమమునకు కారణము ఇదే. బ్యాటరీలను తీసి కారు లోపల ఉంచుటకు కూడ ఇదే ఒక కారణము. ఒక్కొక్క బ్యాటరీ 3 కిలోలనుకొంటే ర్యాకుపై తగ్గేది 6 కిలోలు; వెనుక ఇరుసుపై ఆ ర్యాకు వేసే భారములో తగ్గేది 9 కిలోలు. కారణము తెలియనివాడు నియమమును రెండవ ప్రయాణములోనే మరచిపోతాడు.

రెండవ విమర్శ పట్టును గురించి. మడ్‌గార్డు కథ ఇక్కడ మొదలవుతుంది. అమెరికాలో ప్రచారములో ఉన్న ఒక రకపు ర్యాకు ఇనుప చేయితో ముందు చక్రమును పైనుండి అదిమి పట్టుతుంది. మడ్‌గార్డు లేని సైకిలుకు ఇది చక్కని ఏర్పాటు. చేయి రబ్బరుపై నిలుస్తుంది, చట్రమును తాకదు. మడ్‌గార్డు ఉన్నప్పుడు మాత్రము ఆ చేయి టైరుకు బదులు పలుచని ప్లాస్టిక్ రేకుపై కూర్చోవచ్చును. ఆ రేకును పట్టి ఉంచేవి సన్నని కమ్మీలు, చిన్న మరలు. అవి నీటిని, బురదను ఆపుటకు చేసినవి గాని 25 కిలోల సైకిలును ఆపుటకు చేసినవి కావు. రోడ్డు గుంతలో కారు ఎగిరిపడినప్పుడు పైకి కలిగే త్వరణము గురుత్వ త్వరణముతో సమానమైతే 25 కిలోల సైకిలు 50 కిలోలదిగా ప్రవర్తిస్తుంది. ప్లాస్టిక్ ఎడతెగని ఒత్తిడికి మెల్లగా లొంగుతుంది. బయలుదేరినప్పుడు గట్టిగా ఉన్న పట్టు నూరు మైళ్ళు పోయేసరికి వదులు కావచ్చును. కనుక మడ్‌గార్డు విరుగుట చిన్న నష్టము. పట్టు సడలుట అసలు ప్రమాదము.

“మడ్‌గార్డు తీసివేస్తే సరి” అని కొందరి సలహా. ఇది చెప్పుకు తగినట్లు కాలు కోసుకొనుట వంటిది. ఎన్నో విద్యుత్ సైకిళ్ళలో వెనుక దీపము మడ్‌గార్డుకే అమర్చి ఉంటుంది, దాని తీగ మడ్‌గార్డు వెంబడే పోతుంది. ప్రతి ప్రయాణమునకు అదంతా ఊడదీసి మరల బిగించుట ఎవరివల్ల అవుతుంది? కొందరు తయారీదారులు మడ్‌గార్డు సైకిళ్ళ కొరకు విడిభాగమును అమ్ముతున్నారు. మంచిదే. కాని ర్యాకులో మొదటినుండి ఉండవలసిన దానిని విడిగా కొనవలసి వచ్చుట రూపకల్పనలోని లోపమనియే చెప్పవలెను.

ఐరోపాలో ఎక్కువగా కనిపించే రకము ఈ విషయములో మెరుగైనది. చక్రము అడుగు భాగము గాడిలో కూర్చుంటుంది. ఒక పట్టీ రిమ్ము చుట్టును పోయి దానిని గాడికి బిగిస్తుంది. వేరొక చేయి చట్రమును పట్టి సైకిలును నిలువుగా నిలుపుతుంది. మడ్‌గార్డు అక్కడ అడ్డు రాదు. దీనికీ ఒక లోపము లేకపోలేదు. బ్యాటరీని లోపల ఇముడ్చుకొన్న లావు గొట్టమునకు ఆ చేతి పిడి చాలకపోవచ్చును. ఇక పై గొట్టమును పట్టి సైకిలును వ్రేలాడదీసే పాత రకపు ర్యాకు, పై గొట్టమే లేని క్రిందివంపు సైకిళ్ళకు అడ్డకమ్మీ తోడు లేనిదే పనికిరాదు.

ఇంత విచారము ఎందుకని అడుగవచ్చును. గంటకు 100 కి.మీ. వేగముతో పోయే కారునుండి జారిపడిన సైకిలుకు ఉండే గతిశక్తి, 39 మీటర్ల ఎత్తునుండి పడిన సైకిలు శక్తితో సమానము. దాని ఎదుటికి వచ్చేది సైకిలు యజమాని కాదు. ఏ తప్పూ చేయని వెనుక బండివాడు. కాబట్టి ర్యాకును ఎన్నుకొనేవారు “ఎన్ని కిలోలు మోయును?” అను ప్రశ్నతో ఆగక, “ఎంత దూరమున మోయును? దేనిని పట్టుకొని మోయును?” అను రెండు ప్రశ్నలు కూడ అడుగవలెను. మొదటిదానికి జవాబు తూనికరాయి చెప్పగలదు. తక్కిన రెంటికి జవాబు చెప్పవలసినది భౌతికశాస్త్రము.