‘డాక్‌ఘర్’లో అమల్ మాటలు

రవీంద్రుని ‘డాక్‌ఘర్’ నాటకాన్ని గూర్చి వ్రాసిన విమర్శకులలో పెక్కుమంది అమల్‌ను జీవాత్మగాను, రాజును పరమాత్మగాను, రానున్న ఉత్తరాన్ని ముక్తిసందేశంగాను గ్రహించినారు. ఈ అన్వయం తప్పు కాదు; నాటకమే దానికి చోటిస్తున్నది. కాని ఆత్మను వెదకే తొందరలో బాలుడు మరుగున పడినాడు. రంగం మీద ఆద్యంతం మనకు కనిపించేవాడు ఒక చిన్న పిల్లవాడు. అతడు చేసే పని మాట్లాడడం. బయటి గాలి, ఎండ తగలరాదని కవిరాజు శాసించినందున కిటికీ దగ్గర కూర్చుండి, దారిన పోయేవారిని ఒక్కొక్కరినే పిలిచి పలుకరిస్తాడు. ఆ పలుకరింపులలో ఒక పసిమనస్సు ఎట్లు పెరుగుతున్నదో పరిశీలించిన తరువాతనే ఉత్తరం యొక్క అంతరార్థానికి పోవడం న్యాయం.

ఈ నాటకమూ, రవీంద్రుని బాల్యస్మృతుల గ్రంథం ‘జీవన్‌స్మృతి’యు 1912లోనే పుస్తకరూపం దాల్చినవి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే అమల్ కిటికీ ఎక్కడిదో తెలుస్తుంది. కలకత్తాలో జొడాసాంకో ఇంట రవీంద్రుని బాల్యం నౌకర్ల పాలనలో గడిచినది. శ్యామ్ అనే నౌకరు బాలుణ్ణి ఒకచోట కూర్చుండబెట్టి, చుట్టూ సుద్దముక్కతో గిరి గీసి, దాటితే ప్రమాదమని వేలెత్తి బెదరించి పోయేవాడు. గీత దాటిన సీతకేమైనదో రామాయణంలో చదివిన పిల్లవాడు కనుక దాటలేదు. కిటికీ క్రింద చెరువు, రేవు, మర్రిచెట్టు. స్నానానికి వచ్చేవారిలో ఎవరి రీతి వారిది. చూడడానికి కావలసినంత ఉన్నది, మాట్లాడడానికి మాత్రం ఎవ్వరూ లేరు. అమల్‌కు రవీంద్రుడు ఆ కిటికీనే ఇచ్చి, తనకు దొరకని సంభాషణను దానికి చేర్చినాడని చెప్పవచ్చును.

అదే గ్రంథంలో మరొక ముచ్చట ఉన్నది. బడికి పోనారంభించిన బాలుడు ఇంటి వసారాలోని కటకటాల కమ్ములను శిష్యులుగా భావించి, బెత్తం పట్టుకొని వాటికి పాఠం చెప్పేవాడు. అల్లరి కమ్ములకు దెబ్బలు మెండు. ఉపాధ్యాయుని విద్య పట్టుబడడానికి ఏండ్లు కావాలి. ఆయన కోపం, అసహనం మాత్రం కొద్దిరోజులలోనే పట్టుబడినవి. పిల్లలు మాటలోని విషయం కంటె ముందు మాట తీరును నేర్చుకొంటారనడానికి ఇంతకంటె మంచి నిదర్శనం దొరకదు.

అమల్ నేర్చుకొనేదీ ఇట్లే. పెరుగమ్మేవాడు వచ్చినప్పుడు అతనికి కావలసినది పెరుగు కాదు, ఆ అమ్మకపు కేక. దానిని తనకు నేర్పమంటాడు. కొండ దిగువన, నది ఒడ్డున ఉన్న ఆ పల్లెను ఎన్నడూ చూడకనే ఎర్రచీరలు కట్టి నీళ్ళకు పోయే స్త్రీలతో సహా వర్ణిస్తాడు. ముందు తొందరపడి విసుగుకొన్న పెరుగువాడు చివరకు వెల తీసుకోకుండా పెరుగిచ్చి, పెరుగు అమ్ముకోవడంలోని సంతోషాన్ని తానే ఈ పిల్లవాని వద్ద నేర్చుకొన్నానని చెప్పి పోతాడు. సంభాషణ వలన బాలుడొక్కడే పెరగడం లేదు.

కావలివాని సన్నివేశం ఇంకను సూక్ష్మమైనది. గంట ఎందుకు కొడతావని అమల్ అడుగుతాడు. కాలం ఎవరికోసమూ ఆగదని, సాగిపోతూనే ఉంటుందని తెలుపడానికని సమాధానం. అయితే అది ఏ దేశానికి పోతున్నదని బాలుని ప్రశ్న. పెద్దల భాషలో అరిగిపోయిన రూపకాన్ని పిల్లవాడు ఉన్నదున్నట్లు తీసుకొన్నాడు. ‘పొద్దుపోయింది’ అని నిత్యమూ అనే తెలుగువాడు ఎక్కడికి పోయినదో ఎన్నడైనా ఆలోచించినాడా? గ్రామపెద్ద రాజుగారి ఉత్తరం వస్తుందని ఎగతాళి చేస్తే అమల్ దానిని వాగ్దానంగానే స్వీకరిస్తాడు. వ్యంగ్యం చిన్నపిల్లలకు అందదని శాస్త్రజ్ఞులు చెప్పే మాట ఇక్కడ కథకు ఇరుసు అయినది.

శిశువు తనలో తాను మాట్లాడుకొనే మాటలను పియాజే 1923లో అహంకేంద్రితమన్నాడు. ఇతరులతో కలసి మెలగడం అలవడిన కొద్దీ అవి అణగిపోతాయని ఆయన భావం. 1934లో వెలువడిన గ్రంథంలో వైగోట్‌స్కీ దీనిని కాదన్నాడు. ఆ మాటలు అణగిపోవు, లోపలికి పోయి ఆలోచన అవుతాయి. మనిషికీ మనిషికీ నడుమ జరిగినదే తరువాత మనిషి లోపల జరుగుతుందని ఆయన వాదం. ఆటలో కర్ర గుఱ్ఱమైనప్పుడే పిల్లవాడు వస్తువునుండి అర్థాన్ని వేరు చేయడం నేర్చుకొంటాడని కూడ ఆయన చూపినాడు. ‘డాక్‌ఘర్’లో వీధిపిల్లలు సేద్యపు ఆటకు బయలుదేరుతారు. చేతికర్రే నాగలి, ఇద్దరు పిల్లలు ఎడ్లు. ఇది రవీంద్రుని భవిష్యద్దర్శనమని పొగడనవసరం లేదు. పిల్లలను శ్రద్ధగా చూచినవారు ఎవరైనా ఒకచోటికే చేరుతారు.

లోపం లేదని కాదు. పెరుగువానికి, కావలివానికి, గ్రామపెద్దకు వేర్వేరు గొంతులున్నవి గాని, పిల్లల గుంపంతటికీ దాదాపు ఒక్కటే గొంతు. తోడిపిల్లలతో తగవులాడి, రాజీపడి నేర్చుకొనే భాష నాటకంలో పలుచబడినది. తన బొమ్మలన్నీ ఇచ్చివేసే అమల్‌తో ఎవరు తగవుపడతారు? పూలపిల్ల సుధ ఒక్కతె ఇందుకు మినహాయింపు. పనికి పోవలసిన పిల్ల కనుక ఆమె మాటలు పొట్టివి, తొందరవి. ఆమె చివర పూలతో వచ్చి విడిచిపోయిన కబురు అమల్ నిద్రలో ఉండగా అందుతుంది. ఈ ఒక్క సంభాషణ పూర్తి కాలేదు.

తెలుగులోనికి తెచ్చేవారు గమనించవలసిన విశేషమొకటి ఉన్నది. అమల్ మాధవుణ్ణి ‘పిశేమశాయ్’ అని పిలుస్తాడు. అనగా మేనత్త భర్త. 1914 నాటి ఆంగ్లానువాదంలో ఈ బంధుత్వం సామాన్య పదంలో కలసిపోయినది. మనకు ‘మామయ్య’ సిద్ధంగా ఉన్నది, ‘అత్తయ్య’ ఉన్నది, ‘తాత’ ఉన్నాడు. పిల్లవాని సమాజం వరుసలతోనే మొదలవుతుంది. ఆంగ్లంనుండి అనువదించేవాడు చేతిలో ఉన్న పదాన్ని పోగొట్టుకొని, లేని దానికోసం వెదకుతాడు.

మన సాహిత్యంలో బాలపాత్రలకు కొరత లేదు. కాని పోతన ప్రహ్లాదుడు అన్నీ తెలిసినవాడు. తండ్రికి సమాధానం చెబుతాడు. కఠోపనిషత్తులోని నచికేతుడు అడిగినవాడే అయినా, అడిగినది పండితుల ప్రశ్న. సుమతీ శతకమూ, బాలశిక్షలూ పిల్లవాణ్ణి శ్రోతగా కూర్చుండబెట్టినవి. ఇంత సాహిత్యం చేయని పనిని ‘వీరీ వీరీ గుమ్మడిపండు’ చేసినది. కండ్లు మూసి పేరడిగే ఆ ఆటలో ప్రశ్న ఉన్నది, జవాబు ఉన్నది, తోడివారున్నారు. మదరాసు రేడియోలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లలనే మైకు ముందుకు తెచ్చి మాట్లాడించినారు. 1945లో ‘బాల’ పత్రికను స్థాపించినారు. ఆ త్రోవ తరువాతి బాలనాటకాలకు ఎక్కువగా అబ్బలేదు. వాటిలో పిల్లవాడు నోరు తెరిస్తే నీతి వినిపిస్తుంది, అజ్ఞానం వినిపించదు. తెలియనితనాన్ని నిజాయితీగా వ్రాయడానికి రచయితకు ధైర్యం కావాలి, వీధిలో పిల్లలు మాట్లాడుకొనేది వినే ఓపికా కావాలి.

1917లో ‘డాక్‌ఘర్’ జొడాసాంకోలోని విచిత్ర భవనంలో ప్రదర్శింపబడినది. రవీంద్రుడు స్వయంగా వేషం ధరించి, పిల్లవానికి దూరదేశాల కబుర్లు చెప్పే తాతగా నటించినాడు. సుద్దగీత గీచిన ఇల్లు ఆ ఆవరణలోనే ఉన్నది.