ఎర్రటి వాగు, ఊదా చెరువు

వ్యూ కెమెరా వెనక అద్దం మీద లోకం తలకిందులుగా పడుతుంది. నల్లగుడ్డ కప్పుకుని, అద్దానికి భూతద్దం ఆనించి, మూలమూలా ఫోకస్ చూసుకోవాలి. ఫిల్ము షీటు నాలుగంగుళాలకు అయిదు. ఒక్కో షీటుకు ఒక్కటే బొమ్మ. నొక్కే ముందు చూడక తప్పదు. ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ బర్టిన్‌స్కీ కన్ను ఆరితేరింది ఆ నల్లగుడ్డ కిందే.

కెనడాలోని సడ్‌బరీ దగ్గర 1996లో ఆయన తీసిన 'నికెల్ టెయిలింగ్స్ నం. 34' చూడండి. మసిబారిన నేల మీద నిప్పురంగు వాగు మెలికలు తిరుగుతూ పోతుంటుంది. లావా అనుకుంటాం. కాదు, తుప్పు! నికెల్ తీసుకున్నాక పారబోసిన వ్యర్థంలో మిగిలిన ఇనుముకు గాలి తగిలి వచ్చిన రంగది. బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ తీరంలో ఓడలు విరగ్గొట్టే చోట తీసిన బొమ్మల్లో మనుషులు చీమలంత. ఆ చీమ కనబడ్డాకే ఓడ ఎంతదో తెలుస్తుంది. ఏమి కొలత, ఏమి ఓపిక! పెన్సిల్వేనియాలో దారితప్పి ఒక బొగ్గుగనుల ఊరు చేరడంతో ఈ బాట పట్టాడని చెబుతారు.

ఫొటోగ్రాఫర్ యూజీన్ స్మిత్‌ది మరో బాణీ. జపాన్‌లో చిస్సో ఫ్యాక్టరీ సముద్రంలోకి పాదరసం వదిలిన మినమాటాలో, 1971లో భార్య ఐలీన్‌తో కాపురమే పెట్టాడు. దెబ్బలు తిన్నాడు, కదల్లేదు. విషం సోకి పుట్టిన కూతురికి తల్లి స్నానం చేయిస్తున్న ఆ నలుపు తెలుపు బొమ్మ చూసి కళ్లు తడవనివాడు ఉంటాడా? డార్క్‌రూమ్‌లో ప్రింటు మీద కావలసిన చోట ఫెర్రిసయనైడ్ అద్ది వెలుగు తేల్చేవాడు స్మిత్. తర్వాతి కాలంలో ఆ కుటుంబం మనసెరిగి ఐలీన్ ఆ ఫొటో ప్రచురణ మాన్పించింది. అదీ మర్యాద.

విషాన్ని అందంగా చూపిస్తాడని బర్టిన్‌స్కీ మీద ఎప్పటినుంచో నింద ఉంది. నేనొప్పుకోను. అందమే లేకపోతే ఆ వాగు ముందు రెండు నిమిషాలు ఎవరు నిలబడతారు? నిలబడ్డవాళ్లే కింద రాసింది చదువుతారు. చదివాక ఆ అందం గొంతులో ముల్లులా దిగుతుంది.

మన దగ్గర జరిగేది చూస్తే మాత్రం కడుపు మండుతుంది. ఈమధ్య హైదరాబాద్‌లో ఒక పర్యావరణ ప్రదర్శనకు వెళ్లాను. నలభై బొమ్మలూ డ్రోన్‌తో తీసినవే, ఫ్లెక్సీ మీద కొట్టించినవే. దగ్గరికెళ్తే ఇంకు చుక్కలు తప్ప ఏమీ లేదు. ఒకదాంట్లో ఊదారంగు చెరువు. కింద 'ప్రకృతి ఘోష' అని రాసి ఊరుకున్నారు. ఏ ఊరిదని, ఆ రంగు దేనివల్లనని అడిగితే, "ఎఫెక్ట్ కోసం కొంచెం పెంచాం సార్" అన్నాడు నిర్వాహకుడు. విషం చాలదని రంగు కలపడమా! రేపు ఆ గట్టున బతికేవాళ్లు నిజమైన ఫొటో తెచ్చి చూపినా, ఫ్యాక్టరీవాళ్లు ఇదీ ఎఫెక్టే అంటారు కదా!

డ్రోన్ మీద నాకు పగ లేదు. బర్టిన్‌స్కీ కూడా తర్వాత డిజిటల్‌కు మారాడు, హెలికాప్టర్ ఎక్కాడు. కన్ను మాత్రం మార్చుకోలేదు.

ప్రదర్శనలు పెట్టేవాళ్లకు దండం పెట్టి అడుగుతున్నా. నలభై వద్దు, నాలుగు పెట్టండి. మంచి కాగితం మీద వేయించండి. ఊరి పేరు, తీసిన తేదీ, నీళ్లలో ఏం కలిసిందో రాయండి. ఆ ఊదా చెరువు ఎక్కడుందో నాకింకా తెలియదు.