వారం వారం తోరా: ఆగి అడిగే చదువు

యూదుల ఇళ్లలో కుర్రాడికి 13 ఏళ్లు నిండితే బార్ మిట్స్వా చేస్తారు. ఆ వారం సమాజమందిరంలో చదివే తోరా భాగం మీద వాడు నలుగురి ముందు నిలబడి మాట్లాడడం చాలాచోట్ల ఆనవాయితీ. భాగాన్ని ఎంచుకునే వీలు మాత్రం వాడికి లేదు. పుట్టినరోజు శరత్కాలంలో పడితే సృష్టి కథో, జలప్రళయమో దొరుకుతుంది. వసంతంలో పడితే లేవీయకాండములోని చర్మవ్యాధుల అధ్యాయాలు నెత్తిన పడవచ్చు. మచ్చ లోతుగా ఉందా, వెంట్రుక తెల్లబడిందా, ఇంటి గోడకు పొడ పట్టిందా అని యాజకుడు చూసే నియమాలవి. చుట్టాలంతా కొత్త బట్టలు కట్టుకుని ఎదురుగా కూర్చుంటే పాపం వాడేం మాట్లాడతాడు?

ఈ సంప్రదాయం బలమంతా ఆ ఇబ్బందిలోనే ఉందని నా నమ్మకం. నచ్చిన పుట తెరిస్తే మనకు ముందే తెలిసిన నీతే దొరుకుతుంది.

తోరా అంటే మోషే అయిదు కాండాలు. వాటిని 54 భాగాలు చేశారు. ఒక్కోదాన్ని పరాషా అంటారు. శనివారం ఉదయం చేతిరాత తోలు చుట్ట విప్పి, ఏడుగురిని వరసగా పిలిచి చదువుతారు. ఏడాదికి అయిదు కాండాలూ పూర్తవుతాయి. సింహత్ తోరా పండుగనాడు చివరి వాక్యం ముగించి, అక్కడే ఆదికాండము మళ్లీ అందుకుంటారు. ఇంటి చదువుకు రబ్బీల (యూదు మతగురువుల) చర్చల గ్రంథమైన తాల్ముద్ వేరే లెక్క చెప్పింది: మూలం రెండుసార్లు, అరమాయిక్ అనువాదం ఒకసారి. మన సప్తాహ పారాయణంలో గడువులోగా ముగించడం ముఖ్యం. ఇక్కడ మాత్రం మధ్యలో ఆగడమే అసలు పని.

ఆగేదెక్కడ? వాక్యం మింగుడుపడని చోట. చర్మవ్యాధుల సంగతే చూడండి. ద్వితీయోపదేశకాండములో ఈ వ్యాధి గురించి హెచ్చరించిన వెంటనే, మిర్యాముకు జరిగింది గుర్తుంచుకోండని ఉంటుంది. ఆ రెంటినీ పక్కపక్కన ఎందుకు పెట్టారు? సంఖ్యాకాండములో మిర్యాము తమ్ముడు మోషే గురించి చెడుగా మాట్లాడింది, ఒళ్లు మంచులా తెల్లబడింది, ఏడు రోజులు పాళెం బయట ఉంది. అందుకే రబ్బీలు ఈ అధ్యాయాలను చాడీల గురించిన పాఠంగా చదివారు. అంతటితో వదల్లేదు. ఎవరి మచ్చనైనా యాజకుడు చూడవచ్చు గానీ తన ఒంటి మచ్చను తాను చూసి తీర్పు చెప్పకూడదని రబ్బీల నియమాల సంకలనమైన మిష్నా నియమం. ఈ ఒక్క నియమం చాలు, ఆ కుర్రాడి ప్రసంగానికి. మిర్యాము తిరిగి వచ్చేదాకా జనం కూడా ప్రయాణం సాగించకుండా ఆగారన్నది నాకు మరీ ఇష్టమైన వివరం. తప్పు చేసిన మనిషి కోసం కూడా ఒక సమూహం వారం రోజులు కాచుకుంది.

వ్యాఖ్యాతల్లో అందరూ ముందు పట్టుకునేది రషీని (1040–1105). ఫ్రాన్స్‌లోని త్రువా పట్టణం ఆయనది. నోవహు తన తరంలో నీతిమంతుడన్న మాట దగ్గర ఆయన ఆగాడు. తన తరంలో అని ప్రత్యేకంగా చెప్పడం దేనికి? చెడ్డవాళ్ల మధ్యే ఇంత మంచిగా ఉన్నవాడు మంచి కాలంలో ఇంకెంత గొప్పవాడయ్యేవాడోనని కొందరు మెచ్చుకున్నారు. అబ్రాహాము కాలంలో పుడితే ఈయన్ని ఎవరూ లెక్కచేసేవారు కాదని మరికొందరు తగ్గించారు. రషీ రెండూ రాశాడు. ఏది సరైనదో తేల్చలేదు. ఇక కథలు పక్కపక్కన పెట్టి చూడాల్సింది మనమే. ప్రళయం వస్తుందంటే నోవహు మారు మాట్లాడకుండా ఓడ కట్టాడు. సొదొమ నాశనమవుతుందంటే అబ్రాహాము యాభైమంది నీతిమంతులతో మొదలుపెట్టి పదిమంది దాకా దేవుడితోనే బేరమాడాడు. ఊరు మునుగుతుంటే నా ఇల్లు గట్టిగా ఉంటే చాలనుకునే మంచితనం సరిపోతుందా? ఈ ప్రశ్నకు రషీ జవాబు లేకపోవడమే మేలు.

ఈ చదువును ఇరవయ్యో శతాబ్దంలో సామాన్యుల చేతికిచ్చినావిడ నెహామా లైబోవిట్స్ (1905–1997). 1942లో మొదలుపెట్టి సుమారు మూడు దశాబ్దాలు ఆమె వారానికొక ప్రశ్నల కాగితం పంపింది. అందులో జవాబులు ఉండేవి కావు. రాసి పంపినవాళ్ల కాగితాలు తానే దిద్ది తిప్పి పంపేది. ఆమె పేరుతో ముడిపడ్డ ప్రశ్న ఒకటుంది: రషీకి ఇక్కడ ఏం ఇబ్బంది తగిలింది? వ్యాఖ్య చదివేముందు ఆ ఇబ్బందిని నువ్వు కనిపెట్టు, తర్వాత ఇద్దరు వ్యాఖ్యాతలను పోల్చు, ఎవరి మాట మూలానికి దగ్గరో కారణంతో చెప్పు. ఇంత కట్టుబాటు లేకుండా ఈ వాక్యం నాకేం చెబుతోందని సూటిగా దూకేవాళ్లకు వినిపించేది వాళ్ల గొంతే. ఇప్పుడొచ్చే ప్రేరణ పుస్తకాల్లో చాలావాటి జబ్బు అదే.

ఇదంతా తెలుగువాళ్లకు మరీ పరాయిది కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, ఎఫ్రాయిము గోత్రం తమదని చెప్పే తెలుగు కుటుంబాలు కొన్ని యూదు ఆచారాలు పాటిస్తున్నాయి. మిగతా మనకూ మూలం దూరమేమీ కాదు, తెలుగు బైబిలులో మొదటి అయిదు కాండాలు ఇవే. ఆదికాండము 6వ అధ్యాయమూ 18వ అధ్యాయమూ ఒకే విడతలో చదవండి. మీరు నోవహు పక్షమో కాదో కారణంతో ఒక కాగితం మీద రాయండి. మీతో ఒప్పుకోని మనిషికి ఆ కాగితం చూపించండి.