కాలువా? తూమా? – దృష్టినాడి రక్షణ ఔషధాల చర్చలో పరిభాష, ప్రమాణం

1. ప్రవేశిక:
గ్లాకోమాకు తెలుగులో వాడుకలో ఉన్న పేరు ‘నీటికాసులు’. ఈ పేరు కంటిలోని ద్రవాన్నీ, దాని ఒత్తిడినీ స్ఫురింపజేస్తుంది. చూపును హరించేది మాత్రం రెటీనాలోని గాంగ్లియాన్ కణాల క్షయం. కంటి ఒత్తిడి సాధారణ స్థాయిలో ఉన్నవారిలోనూ ఈ క్షయం సంభవిస్తుంది. అందువల్లనే నాడీకణాలను నేరుగా కాపాడే ఔషధాల అన్వేషణ మొదలైంది. కాల్షియం చానళ్లను నిరోధించే మందులు ఆ అన్వేషణలో ఒక పాయ.

2. పద విచారణ:
‘చానల్’ అనగానే ‘కాలువ’ అనే సమానార్థకం స్ఫురిస్తుంది. అది ఇక్కడ పొసగదు. మంజీరా నదిపై 1923–31 మధ్య నిర్మించిన నిజాంసాగర్ ఆయకట్టు రైతుకు కాలువ వేరు, తూము వేరు. కాలువలో నీరు పారుతుంది. ఎప్పుడు, ఎంత పారాలో తూము తలుపు నిర్ణయిస్తుంది. కణత్వచంలోని కాల్షియం చానల్ రెండవదానికే దగ్గర. కణం వెలుపల కాల్షియం గాఢత లోపలికన్నా సుమారు 10,000 రెట్లు ఎక్కువ. విద్యుత్ పీడనంలో మార్పు రాగానే తలుపు తెరుచుకుంటుంది. కాల్షియం మితిమీరి చేరితే మాంసకృత్తులను ఛేదించే ఎంజైములు చెలరేగి, మైటోకాండ్రియా దెబ్బతిని కణం మరణిస్తుంది. అయితే ఒక నాడీకణం మరొకదానికి సంకేతం అందించాలన్నా కాల్షియం లోపలికి రావలసిందే. కనుక తూమును పూర్తిగా మూయడం రక్షణ కాజాలదు. ‘కాలువ’ అనే అనువాదంలో ఈ నియంత్రణ భావం లోపిస్తుంది.

3. ఆధారాల పరిశీలన:
జపాన్‌లో నిల్వాడిపిన్‌పై జరిగి 2008లో వెలువడిన మూడేళ్ల అధ్యయనం దృష్టిక్షేత్ర నష్టం కొంత మందగించినట్లు చూపింది. కాని అందులో పాల్గొన్న రోగులు కొద్దిమందే. మెమాంటిన్ వేరొక ద్వారంపై, అంటే గ్లూటమేట్ ప్రేరణతో తెరుచుకునే ఎన్‌ఎండీఏ గ్రాహకంపై పనిచేస్తుంది. దానిపై నాలుగేళ్లపాటు సాగిన పెద్ద పరీక్షల ఫలితాలు 2018లో వెలువడ్డాయి. వ్యాధి ముదరడాన్ని అది నివారించలేకపోయింది. 2023లో ప్రచురితమైన యూకే బయోబ్యాంక్ విశ్లేషణ మరింత ఆలోచింపజేస్తుంది. రక్తపోటుకు కాల్షియం నిరోధకాలు వాడేవారిలో గ్లాకోమా ఎక్కువగా కనిపించింది. కంటి ఒత్తిడితో మాత్రం సంబంధం కనిపించలేదు. ఇది సహసంబంధమే గాని కార్యకారణ నిరూపణ కాదు. రక్తపోటు తగ్గితే దృష్టినాడికి రక్తప్రసరణ తగ్గవచ్చుననే వాదం ఉంది. అసలు ఆ మందు అవసరమైన దేహస్థితే కారణమయ్యే అవకాశమూ ఉంది.

4. ముగింపు:
ప్రయోగశాలలో కణాన్ని కాపాడిన మందు మనిషి చూపును కాపాడిందని చెప్పడానికి ఈ ఆధారాలు చాలవు. ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ 1996–2000 మధ్య నిర్వహించిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనం గ్లాకోమా రోగులలో అత్యధికులకు తమ జబ్బు సంగతే తెలియదని వెల్లడించింది. అటువంటి సమాజంలో ‘బీపీ మాత్ర కంటికి రక్ష’ అన్న వార్త ఎంత హానికరమో, ‘బీపీ మాత్ర కంటికి చేటు’ అన్న వార్త అంతే హానికరం. మొదటిది కంటి పరీక్షను వాయిదా వేయిస్తుంది. రెండవది మాత్రను మాన్పించి గుండెకు, మెదడుకు ముప్పు తెస్తుంది. నేటికీ నిరూపితమైన చికిత్స కంటి ఒత్తిడిని తగ్గించడమే. తెలుగులో వైద్యవిజ్ఞానం రాసేవారు పరిభాషలో చూపవలసిన జాగ్రత్తను ప్రమాణాల విషయంలోనూ చూపాలి.