సేవకుని కంట సంపన్న గృహం: 'ది హ్యాపియెస్ట్ మిలియనేర్'

నార్మన్ టోకర్ దర్శకత్వం వహించిన 'ది హ్యాపియెస్ట్ మిలియనేర్' 1967లో, వాల్ట్ డిస్నీ మరణించిన కొన్ని నెలలకు విడుదలైంది. 1916 నాటి ఫిలడెల్ఫియాలోని బిడిల్ కుటుంబం ఇందలి వస్తువు. గృహయజమాని ఆంథొనీ బిడిల్ ఇంట్లో మొసళ్లను పెంచుతాడు; బైబిలు బోధననూ ముష్టియుద్ధ శిక్షణనూ కలిపి నడుపుతాడు. హాస్యమంతా ఈ వింతల నుండే పుడుతున్నట్లు తోస్తుంది గాని, దానికి అసలు ఆధారం కథకుని ఎంపిక.

కథ చెప్పేది యజమాని కాదు. ఐర్లండు నుండి వచ్చి అప్పుడే కొలువులో చేరిన జాన్ లాలెస్. సూత్రధారునివలె ప్రేక్షకులతో నేరుగా మాట్లాడతాడు. షెర్మన్ సోదరులు కూర్చిన తొలి పాట కూడా అతనిదే. వలస వచ్చినవాని ఆశ్చర్యంలో యజమాని చాదస్తం ముచ్చటగా మారిపోతుంది. అదే చాదస్తం సేవకునికి ఉంటే కొలువు నిలుస్తుందా? చిత్రం ఈ ప్రశ్న వేయదు. టామీ స్టీల్ చలాకీ నటన ప్రేక్షకునికీ ఆ తీరిక ఇవ్వదు.

కూతురు కార్డీ వివాహ ఘట్టాలు దీర్ఘంగా, నిస్సారంగా సాగాయి. అయితే వరుడు ఆంజీ డ్యూక్ పొగాకు వ్యాపారపు వారసత్వాన్ని కాదని, మోటారు కార్ల నగరమైన డెట్రాయిట్‌ను కలగంటాడు. పూర్తి నిడివి ప్రతిలో ఆ జంట కారులో సాగిపోతుండగా దూరాన కర్మాగారాల పొగ కమ్మిన నగరం కనిపిస్తుంది. సంపద ఉత్పత్తి అయ్యే స్థలం తెరపైకి రావడం అక్కడే. బిడిల్ భవనంలో మసి జాడ లేదు.